వేలం వేసిన పిడికెడు బియ్యం

మా సంఘంలో ఆదివారం ఆరాధన ముగిశాక ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు ముందుకి వచ్చి, వేదిక కింద పెట్టిన పెద్ద అల్యూమినియం బేసినులో బియ్యం పోసేవారు. ప్రతి పూటా ఎసట్లో బియ్యం వేసే ముందు పిడికెడు తీసి ఒక డబ్బాలోనో గుడ్డసంచీలోనో వేసుకోవడం, వారమంతా పోగైనదాన్ని దేవుడి దగ్గరికి తీసుకురావడం అక్కడి ఆచారం. పిడికెడు బియ్యం అంటారు. ప్రార్థన చేశాక అవి కాపరి ఇంటికి వెళ్తాయి. చేతికి జీతమంటూ పెద్దగా రాని పల్లెటూరి కాపరులు ఆ బియ్యంతోనే పిల్లల్ని పెంచుకున్నారు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదని ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ రోజుల్లో ఆ బేసిను కేసి చూస్తే నాకు సిగ్గు తప్ప మరొకటి కనిపించేది కాదు.

మాది మొగల్తూరు దగ్గర ఊరు. తాతగారి కాలంలో కాలవకి ఇవతల ఉన్న చేలన్నీ మావేనని చెప్పుకునేవారు. అన్నీ కాకపోయినా చాలావరకు మావే. తొంభైల మొదట్లో అందరితోపాటు నాన్నగారు కూడా చేలు తవ్వించి రొయ్యల చెరువులు వేశారు. మొదట బాగానే కలిసొచ్చింది. తరవాత తెల్లమచ్చ తెగులు వచ్చి, చెరువు గట్ల మీద చచ్చిన రొయ్యల వాసన తప్ప ఏమీ మిగల్లేదు. చేలు పోయాయి. నాన్నగారు పోయారు. పెద్దింటిని ఐసు ఫ్యాక్టరీ ఆయన కొనుక్కున్నాడు. దొడ్డి చివర, వీధి వైపుకి ఉన్న ధాన్యం కొట్టు ఒక్కటే మాకు మిగిలింది. దానికి రెండు కిటికీలు పెట్టించి, సున్నం వేయించి, నేనూ నా భార్యా అందులో కాపురం పెట్టాం. నేను నర్సాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేవాణ్ణి. జీతం ఒక నెల వచ్చేది, ఒక నెల వచ్చేది కాదు. అయినా ఇస్త్రీ లేని చొక్కాతో గడప దాటినవాణ్ణి కాదు.

ప్రభువుని నమ్ముకున్నది కాలేజీ రోజుల్లో. కామెర్లతో హాస్టల్లో పడి ఉన్నప్పుడు మా లెక్చరరుగారు ఒకాయన రోజూ సాయంత్రం వచ్చి, మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసి, మారు మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. తగ్గాక నేనే ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. నాన్నగారు నీ ఇష్టం అన్నారు. బంధువులు ఆ మాట కూడా అనలేదు. నా భార్య రామచంద్రపురం వైపు ఒక బడిపంతులుగారి కూతురు. ఆయన వారమంతా పిల్లలకి చదువు చెప్పి, ఆదివారం పల్లె సంఘానికి వాక్యం చెప్పేవారు.

మా ఊళ్ళో కాలవ అవతల, కూలి కుటుంబాలుండే పేటలో ఉన్న సంఘానికి కాపరిగా ఉన్న పెద్దాయన ఆరోగ్యం పాడై కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. కొత్తవారు వచ్చేవరకు వాక్యం చెప్పమని సంఘపెద్ద నన్ను అడిగాడు. సరేనన్నాను. కొత్తవారు ఎంతకాలానికీ రాలేదు. పేటలో పెద్ద వయసు వాళ్ళంతా ఒకప్పుడు మా చేలల్లో ఊడ్పులూ కోతలూ చేసినవాళ్ళే. నన్ను చిన్నబాబుగారు అనే పిలిచేవారు. పాత కాపరిని అయ్యగారు అనేవాళ్ళు నన్ను అలా పిలవకపోవడం నాకు లోటుగా తోచలేదు. నిజం చెప్పాలంటే బాగుండేది.

మొదటి ఆదివారమే బేసిను నిండింది. సంఘపెద్ద దాన్ని ఎత్తి, "ఇంటికి పంపించమంటారాండి, బాబుగారు?" అని అడిగాడు.

"మాకెందుకు? వద్దు."

"మరేం చెయ్యమంటారండి?"

"వేలం వెయ్యండి. వచ్చినదానితో మందిరానికి చాపలు కొనండి."

ఆయన ఒక్క క్షణం బేసినునీ నన్నూ చూసి, "ఆయ్, అలాగేనండి," అన్నాడు. ఆడవాళ్ళలో ఎవరో చీర కొంగు సర్దుకున్నారు. వాళ్ళంతా నా పెద్దమనసుకి మెచ్చుకుంటున్నారని అనుకున్నాను. నిటారుగా నిలబడి ముగింపు ప్రార్థన చేశాను.

ఇంటికి వచ్చేసరికి నా భార్య రేషను కోటా బియ్యం చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతూ ఉంది. ఆరాధనలో ఆమె కూడా ఉంది. 

"ఆ బియ్యం వాక్యం చెప్పేవాళ్ళకి ఇచ్చేవి కదండీ," అంది.

"మనం తీసుకోం."

"మనం అంటే ఎవరు? మీరూ మీ తాతగారూనా?"

ఆమె చేట చెరుగుతూ, "నేను ఆ బియ్యం తినే పెరిగాను," అంది. "నాకేం తక్కువైంది?"

కులం అనే మాట నా నోట ఎప్పుడూ రాలేదు. అది వదిలేశాననే నమ్మకం. ఇది వంశమర్యాద అనుకునేవాణ్ణి. మా కొట్టులోంచి కొలిచి ఇచ్చిన ధాన్యం ఇళ్ళకి మోసుకెళ్ళిన మనుషుల దగ్గర, ఇప్పుడు అదే కొట్టులో కూర్చుని నేను పిడికెడు పిడికెడు పుచ్చుకోవడమా అని నా లోపల ఒక మాట నడుస్తూ ఉండేది. దాన్ని ఇంకో పేరుతో పిలిచినంత మాత్రాన అది ఇంకొకటి అయిపోదు.

బుధవారం సాయంత్రాలు మందిరంలో ఆడవాళ్ళకి ప్రార్థన నేర్పించేవాణ్ణి. చాలామందికి పైకి ప్రార్థన చేయడమంటే భయం. మాటలు రావు, నవ్వు వస్తుంది. ఒక వారం నాకు ఒక ఆలోచన తట్టింది.

"మీరు రోజూ పిడికెడు బియ్యం తీస్తారు కదా," అన్నాను. "పిడికిలి మూయగానే ఒక మనిషిని తలుచుకోండి. ఆ మనిషి కోసం ఒక్క మాట దేవుడితో చెప్పండి. అప్పుడు డబ్బాలో వేయండి. అది చాలు."

"ఎవరినైనా తలుచుకోవచ్చాండి?" అని ఒకావిడ అడిగింది.

"ఎవరినైనా."

"మా అత్తగారిని కూడానాండి?"

"ముందు ఆవిడనే."

"అయితే ఆ పూట పిడికిలి కొంచెం చిన్నదవుద్దండి."

చాపల మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ఆ బియ్యానికి ఒక ప్రాణం వచ్చింది. బుధవారం వచ్చేసరికి ఎవరి పిడికిలి ఎవరి కోసమో చెప్పుకునేవారు. తాగి కొట్టే మొగుడు, పదో తరగతి తప్పిన తమ్ముడు, ఆపరేషను అయిన వదిన. వినేకొద్దీ నేను ఏదో పండించినట్టు ఉండేది.

అందరిలోకీ గట్టిగా పట్టుకున్నది ఒక ముసలావిడ. మొగుడు లేడు. ఒక్కతే కూతురు. కువైట్‌లో ఎవరింట్లోనో పనికి వెళ్ళి, మొదట్లో అప్పుడప్పుడు కబురు పంపి, తరవాత మానేసింది. ఉందో, లేదో, ఆ ఇంటివాళ్ళు బయటికి రానివ్వడం లేదో తెలియదు. "ఇన్ని పూటల పిడికిళ్ళూ దానికేనండి," అని ఆవిడ చెప్పింది. "వేరేవాళ్ళకి నా దగ్గర ఖాళీ లేదు, ఏమనుకోకండి."

నేను కూడా ప్రతి బుధవారం ఆ పిల్ల కోసం ప్రార్థించేవాణ్ణి. నాకు మంచి మాటలు వచ్చు. దూరదేశాలనీ సముద్రాలనీ కలిపి, వినేవాళ్ళకి కళ్ళు చెమర్చేలా చేయగలను. నా గురించి మాత్రం ఎన్నడూ ఏదీ అడగలేదు. తెల్లవారగానే కుర్చీలో నిటారుగా కూర్చుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పి, అందరి కోసం విన్నవించి లేచేవాణ్ణి. అడగడం కొత్తగా నమ్మినవాళ్ళ దశ అనీ, నేను దాన్ని దాటాననీ అనుకునేవాణ్ణి. ఒక బుధవారం, అత్తగారికి చిన్న పిడికిలి అన్నావిడే అడిగింది.

"మీ గురించి ఏమని చెప్పమంటారండి, దేవుడికి?"

"నాకేమీ అవసరం లేదు. సంఘం కోసం చేయండి."

ఆ నెల స్కూల్లో జీతం రాలేదు. మా ఇంట్లో ఒక పూటే వండుతున్నాం.

వేలం సంగతి నేను పట్టించుకునేవాణ్ణి కాదు. ముగింపు ప్రార్థన కాగానే బయటికి వచ్చి చెట్టు కింద నిలబడేవాణ్ణి. లోపల ఎవరు పాడుకున్నారో, ఎంతకి పాడుకున్నారో తెలుసుకోవడం నా స్థాయికి తగనిదిగా ఉండేది. తెలిసింది ఒక సాయంత్రం, నర్సాపురం బస్సు దిగి కాలవగట్టు మీద నడిచి వస్తున్నప్పుడు. మా సంఘంలోనే ఉండే బాతులాయన తన మందని కాలవలోంచి పైకి తోలి, సంచీలోంచి దోసిళ్ళతో బియ్యం చల్లుతున్నాడు. బాతులు ఒకదాని మీద ఒకటి పడి తింటున్నాయి. కొంచెం ఎడంగా, చంకలో గడ్డిమోపుతో, కర్ర ఊతంగా, ముసలావిడ నిలబడి చూస్తూ ఉంది.

"ఏంటి వేస్తున్నావు?" అని అడిగాను.

"మందిరం బియ్యమేనండి. వారం వారం వేలంలో నేనే పాడుకుంటున్నాను కదండీ."

"బాతులకా?"

"మరింకెవరికండి?" అన్నాడు ఏ దాపరికమూ లేకుండా. "సార్వా పాతబియ్యం, దాళ్వా కొత్తబియ్యం, కోటా బియ్యం, అన్నీ కలిసిపోయి ఉంటాయి. వండితే కొన్ని జావవుతాయి, కొన్ని పలుకు మీదుంటాయి. డబ్బులు పోసి మనుషులెవరు కొనుక్కుంటారండి? ఈటికి ఆ పేచీ లేదు." మళ్ళీ ఒక దోసెడు చల్లి నవ్వాడు. "ఈ బియ్యం తిన్నాక గుడ్లు కూడా బాగా పెడతన్నాయండి. ఎంతైనా ఇయ్యి కూడా మన సంఘమే. రోజుకి పదిసార్లు కాలవలో బాప్తిస్మం."

నాకు నవ్వు రాబోయి ఆగింది. ముసలావిడ నా వైపు చూడలేదు. "వారం వారం ఇయ్యేనా?" అని అతన్నే అడిగింది.

"ఆఁ, ఇయ్యే. శనివారం దాకా సరిపోతాయి."

ఆవిడ మోపు సర్దుకుని గట్టు దిగి వెళ్ళిపోయింది. పిడికిలి మూయమని చెప్పినవాణ్ణి నేను. అక్కడే నిలబడి ఉన్నాను. 

ఆ రాత్రి నుంచి నాకు నేను చాలా సర్దిచెప్పుకున్నాను. వేలం అన్నాక ఎవరు పాడుకుంటే వాళ్ళది. కొన్నవాడు ఏం చేసుకుంటాడో మనకెందుకు? దేవుడు హృదయాన్ని చూస్తాడు గాని బియ్యం ఎటు పోయిందో చూడడు. ఇవన్నీ వాక్యంలాగే వినిపించే మాటలు. సంఘపెద్దని పిలిచి వేలం ఆపమనవచ్చు. ఆపితే ఆ బియ్యం వెళ్ళవలసిన ఇల్లు ఒక్కటే. అది నాకు తెలుసు కాబట్టే పిలవలేదు.

పేటలో మాట దాగదు. తరవాతి ఆదివారాలు బేసినులో బియ్యం తగ్గుతూ వచ్చాయి. కొందరు చిన్న గ్లాసుతో తెచ్చి పోశారు. కొందరు లేచి రావడమే మానేశారు. ముసలావిడ చివరి వరసలో గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చునే ఉండేది. ఒక ఆదివారం బేసిను అడుగు కనిపించింది. అప్పుడు నేను చేసింది తలుచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. ఇవ్వడం గురించి వాక్యం చెప్పాను. దేవుడికి ఇచ్చే చెయ్యి వెనక్కి తీసుకోకూడదని, కొంచెంలోంచి ఇచ్చేవాళ్ళే నిజంగా ఇచ్చేవాళ్ళని, గంట సేపు, ఎక్కడా తడబడకుండా. ఎవరూ తలెత్తలేదు. వాళ్ళు సిగ్గుపడుతున్నారనుకున్నాను.

అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ వందనాలు చెబుతున్నాను. ముసలావిడ కర్ర ఊతంతో వచ్చి నా ముందు ఆగింది.

"బాగా చెప్పారండి, చిన్నబాబుగారు," అంది. "బాతులు కూడా విని ఉంటే బాగుండేది."

వెనక ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బాతులాయన మాత్రం పైకే నవ్వేశాడు. నేను వందనాలు అన్నాను. 

ఇంటికి వచ్చే దారంతా నా భార్య నా పక్కనే నడిచింది. కొట్టు తలుపు తీసి లోపలికి వచ్చాక అంది.

"ఆవిడ కూతురి కోసం ప్రార్థన మానేసింది, తెలుసా మీకు?"

"ఎవరు చెప్పారు?"

"ఆవిడే. పిడికిలి మూస్తే బాతులు కనిపిస్తున్నాయంట."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం? ప్రార్థన అనేది..."

"నాకు వాక్యం చెప్పకండి," అంది. గొంతు పెంచలేదు. "ఆవిడకి చదువు రాదు. పాటలు రావు. మోకాళ్ళు వంగవు. మీరు నేర్పిందొక్కటే వచ్చు. ఆ ఒక్కటీ మీరే తీసేశారు. ఇప్పుడు ఆ పిల్లని తలుచుకోడానికి ఆవిడకి ఏం మిగిలింది?"

ఆమె నాతో అలా మాట్లాడటం అంతకుముందు ఎన్నడూ లేదు. తిండి చాలని రోజుల్లో కూడా ఆ బియ్యం విషయం మళ్ళీ ఎత్తలేదు. తన ఆకలి కోసం అడగని మనిషి ఆ ముసలావిడ కోసం అడిగింది.

మర్నాడు సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాను. చూరు కింద పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంది. నన్ను చూసి పక్కింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి వేసింది. ఎప్పటిలాగే అందులో కూర్చున్నాను. కూతురి కబురు ఏమైనా ఉందా అని అడిగాను. లేదంది. ఎసరు మరిగింది. ఆవిడ చేటలో ఏరి పెట్టిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసింది. చెయ్యి పక్కకి, గోడకి వేలాడే గుడ్డసంచీ వైపు కొంత దూరం వెళ్ళి ఆగింది. వెనక్కి వచ్చి ఆ పిడికెడూ చేటలోనే వదిలేసింది.

"అలవాటైపోయిందండి," అంది నేను చూశానని తెలిసి. "చెయ్యి దానంతటదే ఎల్లిపోతుంది."

"అది నాకివ్వండి," అన్నాను.

ఆవిణ్ణి మీరు అన్నది అదే మొదలు. మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. ఆవిడ అది గమనించిందో లేదో గాని, "ఎందుకండి?" అంది.

"వండుకోడానికి."

"ఎవరు?"

"మేమే."

ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోసి, నా ముఖం వైపు చూసింది. "ఏం, మీ ఇంట్లో బియ్యం లేవాండి?"

ఆ ప్రశ్నకి గౌరవంగా తప్పించుకునే జవాబులు నాకు చాలా వచ్చు. ఉన్నాయి గాని మీ మనసు నొప్పించకూడదని అనవచ్చు. ఆచారాన్ని నిలబెట్టాలని అనవచ్చు. అలా అంటే నేను ఆవిడకి మేలు చేస్తున్నట్టు ఉండేది. కోటా షాపు ఇంకా తెరవలేదు. ఇంట్లో డబ్బా ఖాళీ. ఉదయం నా భార్య దాన్ని బోర్లించి పెట్టడం చూసే బయల్దేరాను.

"లేవు," అన్నాను.

ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. ఆవిడ జాలిపడలేదు. "ఆ మాట అప్పుడే చెప్తే బాతులకి పోయేయి కాదు కదండీ," అని లేచింది. "దేంట్లో పొయ్యమంటారు?"

నేను ఏమీ తీసుకువెళ్ళలేదు. అడగడానికి వెళ్ళేవాళ్ళు గిన్నె తీసుకువెళ్తారని కూడా నాకు తెలియదు. సంచీ ఒక్కటే ఉందనీ, అది ఇవ్వననీ చెప్పి, "చేతులు పట్టండి," అంది. కుర్చీలోంచి లేచి దోసిలి పట్టాను. ఇద్దరు మనుషులకి పిడికెడు ఏ మూలకంటూ, చేటతో ఒంపి దోసిలి నిండా పోసింది.

"ప్రార్థన చేసి ఇవ్వండి," అన్నాను. అక్కడ కూడా నాకు పాఠం చెప్పే అలవాటు పోలేదు.

"ముందు తినండి. తరవాత చూద్దాం," అంది.

పేట దాటి, వంతెన మీదుగా, మా వీధి పొడవునా దోసిట్లో బియ్యం పట్టుకుని నడిచాను. ఇంకా వెలుతురు ఉంది. చెప్పు వారు జారుతోంది గాని వంగడానికి లేదు. ఎదురైనవాళ్ళు నమస్కారం పెడితే తిరిగి పెట్టడానికి చేతులు లేవు. చూస్తూ దాటిపోయారు. మా పెదనాన్నగారు, నాన్నగారి పెద్దన్నయ్య, తన ఇంటి అరుగు మీద పేపరు చదువుతున్నారు. నేను మతం మారాక ఆయన నాతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ.

"ఏంట్రా అది, దోసిట్లో? తీర్థమా?"

"బియ్యం, పెదనాన్నగారూ."

"ఎక్కడివి?"

"పేటలో ఇచ్చారు."

"ఎవరికి?"

"నాకు."

ఆయన పేపరు మడత పెట్టారు. వీధి అటూ ఇటూ చూశారు. "లోపలికి రా," అన్నారు గొంతు తగ్గించి. "మీ పెద్దమ్మతో చెప్పి బస్తా వేయిస్తాను. అవి అక్కడ పారబోసి రా."

అన్నేళ్ళ తరవాత ఆ ఇంట్లోకి రమ్మన్నారు. బస్తా బియ్యం, అదీ మావాళ్ళ ఇంటి బియ్యం, ఎవరూ ఏమీ అనుకోనివి. కాళ్ళు అటు తిరిగాయన్నది దాచను. "వద్దండి. ఇవి ఉన్నాయి," అన్నాను.

"అవి తింటావా?"

"తింటాను."

ఆ మాట అంటున్నప్పుడు కూడా నా వెన్ను నిటారుగానే ఉంది. అందులో ఎంత విధేయత, ఎంత పొగరు అన్నది నాకు ఈ రోజుకీ తేలలేదు. ఆయన మళ్ళీ పేపరు విప్పుకున్నారు.

మా గేటు గడియ తీయడానికి చేతులు లేక, వీధిలో నిలబడి నా భార్యని కేకేశాను. ఆమె వచ్చి, చూసి, ఏమీ అడగకుండా కొంగు పట్టింది. వేళ్ళ సందుల్లో ఇరుక్కున్న గింజలు కూడా విదిలించాను. అవి స్వర్ణ ముడిబియ్యం, తవుడు పొర పోని ఎర్రటి బియ్యం. ఆమె కాసేపు నానబెట్టి వండింది. గంజి వార్చి, చిటికెడు ఉప్పు వేసి రెండు గ్లాసుల్లో పోసింది. కంచాల ముందు కూర్చుని, ఎప్పటిలా నేను ప్రార్థన మొదలుపెడతానని కళ్ళు మూసుకుంది. నాకు మాటలు రాలేదు. వచ్చే మాటలన్నీ కలిగినవాడి మాటలు. ఇన్నేళ్ళూ దేవుడి దగ్గర కూడా నేను పెద్దింటి అరుగు మీద కూర్చున్నవాడిలాగే కూర్చున్నానని ఆ కంచం ముందు తెలిసింది. చాలాసేపటికి ఆమె కళ్ళు తెరిచి, "చల్లారిపోతుందండి," అంది. తిన్నాం.

ఆదివారం వాక్యం అయ్యాక చెప్పాలని ఇంటి దగ్గరే అనుకుని వెళ్ళాను. "ఈ వారం నుంచి వేలం వద్దు," అన్నాను. అంతవరకు బాగానే వచ్చింది. "ఆ బియ్యం మా ఇంటికి పంపండి. మాకు అవసరం."

చివరి మాట గొంతులోనే ఉండిపోయింది. సంఘపెద్ద లేచి, "ఎనకాల వాళ్ళకి వినపళ్ళేదండి, ఇంకోసారి చెప్పండి," అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి అందరికీ వినిపించింది. అప్పుడు బాతులాయన, "మరి మా వాటి సంగతేంటండి?" అన్నాడు. మందిరమంతా నవ్వింది. నేను తలెత్తలేకపోయాను.

ఆ వారం బేసినులో అడుగు దాటి బియ్యం లేవు. ముసలావిడ ఏమీ తేలేదు. బయటికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"వండుకున్నారాండి?"

"వండుకున్నాం."

"అత్తెసరు పెట్టారా, గంజి వార్చారా?"

"వార్చాం."

"గంజి పారబోశారా?"

"తాగాం."

"ఎలాగుంది?"

"కొంచెం ఎరుపు తిరిగి, చిక్కగా ఉంది."

ఆవిడ తలూపింది. "అయితే తిన్నారు," అంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, "వచ్చే వారం తెస్తానేమో చూస్తాను," అని వెళ్ళిపోయింది.

ఆ వారం రోజూ తెల్లవారగానే నేను కుర్చీ పక్కకి జరిపి నేల మీద కూర్చున్నాను. మంచి మాటలేవీ రాలేదు. ఆవిడ సంచీ తేవాలని అడిగాను. మళ్ళీ మళ్ళీ అదే అడిగాను. మూడో రోజో నాలుగో రోజో మధ్యలో ఆగిపోయాను. అన్ని బుధవారాలు, అందరి ముందూ, ఆ కువైట్ పిల్ల కోసం ప్రార్థించానే, అందులో ఒక్కసారి కూడా ఇంత గట్టిగా అడగలేదని అప్పుడు తోచింది. ఆ పిల్ల పేరు నాకు తెలుసు. ముఖం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. మా చేలోనే తల్లితో ఊడ్పులకి వచ్చేదట. ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు.